ఒకటిన్నర గీత

ఇస్త్రీపెట్టె మరీ కాగిందేమో చూడటానికి ఆమె దాన్ని పాత వార్తాపత్రిక మీద ఆనించి, మూడు లెక్కపెట్టి తీసింది. కాగితం రంగు మారలేదు, అంచులు ముడుచుకోలేదు. వేడి సరిపోయింది. స్నూకర్ టేబుల్‌కి ఒక కొసన నిలబడి, నడుం వంచి, ఆ ఏడు కిలోల ఇనుమును పచ్చటి గుడ్డ మీద పెట్టి, రెండు చేతులా తోసుకుంటూ నల్లబంతి ఉండే కొస దాకా నడిచింది. మధ్యలో ఆగకూడదు. వెనక్కి లాగకూడదు. ఆ గుడ్డకి నూగు ఒకవైపే వాలి ఉంటుంది. పిల్లి వీపు నిమిరినట్టు అటే నిమరాలి, ఎదురు నిమిరితే అలుగుతుంది. అలిగిన గుడ్డ మీద నెమ్మదిగా వెళ్లే బంతి తిన్నగా వెళ్లదు.

"ఇదిగో, అద్దం తుడువు," అన్నాడు ఆమె భర్త అవతలి పక్కనుంచి.

ఆయన్ని ఊరూవాడా లెవెల్ మాస్టారు అంటారు. ఎక్కడ పెద్ద ఛాంపియన్‌షిప్ జరిగినా టేబుల్ వేయడానికి పిలుపు ఆయనకే వస్తుంది. అయిదు రాతిపలకలు పక్కపక్కన పేర్చి, అతుకు వేలికి తగలకుండా మైనంతో పూడ్చి, వాటి మీద గుడ్డని మద్దెల తోలులా లాగి బిగించి, చివరికి లెవెల్ పెట్టి చూస్తాడు. మూరెడు పొడవున్న ఆ ఇనుప పట్టీ మధ్యలో సన్నటి గాజు గొట్టం, గొట్టంలో బుడగ, బుడగకి ఇటూ అటూ గీతలు. బుడగ రెండు నడిమి గీతల మధ్య నిలబడితే టేబుల్ సమంగా ఉన్నట్టు. గీత దాటితే, కాలి కింద మర తిప్పాలి. వెంట్రుకవాసి తేడా మనిషి కంటికి తెలియదు కానీ బంతికి తెలుస్తుంది.

ఆమె ఇస్త్రీపెట్టెను పీట మీద పెట్టి, నడుముకి దోపుకున్న పసుపు గుడ్డ తీసి, లెవెల్ మీదకి వంగి గాజు గొట్టాన్ని తుడిచింది. తుడవడానికి దాని మీద దుమ్మేమీ లేదు. బుడగ అర గీత కన్నా కాస్త ఎక్కువే అవతలికి జరిగి ఉంది. ఆమె కుడిచేతి వేలితో టేబుల్ అంచు మీద రెండుసార్లు తట్టింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, అవతలి కాలి కింద మరని రెండు పావు చుట్లు తిప్పాడు.

ఎడమచేత్తో తడితే ఇవతలి కాలు, కుడిచేత్తో తడితే అవతలి కాలు. ఎన్ని తట్లు తడితే అన్ని పావు చుట్లు. తట్టకపోతే సరిగ్గా ఉన్నట్టు. ఇదంతా ఇద్దరూ కూర్చుని అనుకున్నది కాదు. మూడేళ్ల కిందట ఒకరోజు ఆయన దుమ్ములేని అద్దం తుడవమన్నాడు, ఆమె తుడిచింది, అంతే. ఇప్పటికీ ఇంట్లో ఆ మాట రాలేదు. గ్లాసు పక్కన నీళ్లు పోసి "ఈ గ్లాసులు మరీ చిన్నవి చేస్తున్నారు" అంటాడు. పేపర్ని మొహానికి ఏటవాలుగా పట్టుకుని "ఈమధ్య వీళ్లు సిరా పొదుపు చేస్తున్నారే" అంటాడు. "అవునండీ, పిసినారి వెధవలు," అంటుంది ఆమె. మనుషులూ తలుపులూ కుర్చీలూ పక్కచూపుకి కనిపిస్తాయి. సూటిగా దేన్ని చూస్తే దాని మీద బొటనవేలంత మసక కూర్చుంటుంది. అది ఆయన చెప్పింది కాదు. పక్కన బతికి ఆమె గమనించింది.

ఆమె మళ్లీ తుడిచింది. ఈసారి తట్టలేదు.

"ఆఁ," అన్నాడు ఆయన తృప్తిగా, తనే చూసినట్టు.

"అక్కా! పనిలో పని, నా చొక్కా కూడా ఒకసారి లాగించెయ్యకూడదూ?"

హాలు మెట్ల మీంచి ఎడంచేతి ఆటగాడు దిగి వస్తున్నాడు. నలభై దాటినవాడు, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఆటగాళ్లందరిలోకీ ఆమెను పలకరించేది ఇతనొక్కడే. ఇస్త్రీ అక్క అన్న పేరు కూడా ఇతను పెట్టిందే.

"ఇలా పరిచి పడుకోబెట్టండి, లాగిస్తా," అంది. "కాకపోతే మా అలవాటు కొద్దీ దాని మీద కూడా సుద్దతో అడ్డగీత గీసి, ఆరు చోట్ల చుక్కలు పెడతాం. పరవాలేదా?"

అతను పకపకా నవ్వి, మునివేళ్లు కాకుండా చేతి వెనకభాగం గుడ్డకి ఆనించి చూశాడు. వేళ్లకి చెమట ఉంటుంది, గుడ్డకి అంటుకుంటుందని అతని జాగ్రత్త.

"మాస్టారూ, మీరు వేసిన టేబుల్ మీద ఓడిపోతే తప్పు నాది. వేరేవాళ్లు వేసినదాని మీద ఓడిపోతే తప్పు టేబుల్‌ది. ఇరవై రెండేళ్లుగా నా లెక్క ఇదే."

"ఓడిపోయే లెక్కలెందుకయ్యా పొద్దున్నే?"

"గెలిచే లెక్కలు రాకపోతేనే కదా మాస్టారూ! ఫైనల్ గడప ఇంతవరకూ తొక్కలేదు. ఈసారీ తొక్కకపోతే బంతి కొట్టే ఈ క్యూ కర్రని ముందుగది కిటికీకి పరదా కర్రగా పెట్టేస్తానని మా ఆవిడకి మాటిచ్చాను. ఆవిడ అప్పుడే కిటికీ కొలత తీసి పెట్టుకుంది."

అతను నవ్వుతూనే అన్నాడు. ఆమె మాత్రం నవ్వలేదు. కిటికీ కొలత తీసే ఆడమనిషి ఊరికే తీయదు.

టోర్నమెంటు డైరెక్టర్ మెడలో నాలుగు బిళ్లలు వేలాడేసుకుని హడావిడిగా వచ్చాడు. చేతిలో ఇంకో రెండు బిళ్లలు.

"ఇది మీది మాస్టారూ, ఎర్రగీత ఉంది, ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఇది అమ్మగారిది. టీవీలో లైవ్ మొదలయ్యాక మాత్రం లోపలికి మీరొక్కరే. నల్ల కోటు, తెల్ల గ్లౌజులు. రెండో మనిషి తెర మీద కనిపించకూడదట, టీవీవాళ్ల రూలు."

ఆయన బిళ్లను అటూ ఇటూ తిప్పాడు. "ఆమె ఉంటే కాస్త..."

"తుడవడానికే కదండీ? ఆ కాసేపు మీరే తుడుచుకోండి." డైరెక్టర్ ఆయన భుజం తట్టాడు. "అసలు విషయం చెప్పనా? వచ్చే ఏడాది నుంచి లెవెల్ చూడటానికి మిషన్ పెడదామన్నారు మావాళ్లు. నేనే కుదరదన్నాను. మాస్టారి కన్ను ఉండగా మిషన్ ఎందుకయ్యా అన్నాను."

ఆయన "అలాగే" అన్నాడు. దేనికి అలాగే అన్నాడో ఆమెకి అర్థం కాలేదు. ఇస్త్రీపెట్టె చల్లారిపోతోందని మళ్లీ దాని పిడి అందుకుంది.

సెమీఫైనల్ శనివారం మధ్యాహ్నం. ఆరు ఫ్రేములు, అంటే ఆరు ఆటలు, ముందు గెలిచినవాళ్లు ఫైనల్‌కి వెళతారు. ఆమె నల్ల తెర వెనక వసారాలో, సెక్యూరిటీ అతని కుర్చీ పక్కన తన పీట వేసుకుని కూర్చుంది. గోడకి చిన్న టీవీ ఉంది. తెర సందులోంచి చూస్తే టేబుల్ సగం, ఎడంచేతి ఆటగాడి కుర్చీ కనిపిస్తాయి.

స్నూకర్‌లో అవతలివాడు ఆడుతున్నంతసేపూ ఇవతలివాడు కుర్చీలో కూర్చోవలసిందే. లేవకూడదు, మాట్లాడకూడదు, దగ్గకూడదు. నీళ్లు తాగొచ్చు. అందుకే నీళ్లు తెగ తాగుతారు. ఎడంచేతి ఆటగాడు తన వంతు లేనప్పుడు క్యూ కర్రని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, దాని మొనకేసి చూస్తూ కూర్చుంటాడు.

పొద్దున టీవీవాళ్లు పెద్ద కెమెరా బండిని నల్లబంతి కొస వైపుకి తెచ్చి పెట్టారు. హాలు మధ్యలో చెక్కలతో వేదిక కట్టి, దాని మీద టేబుల్ నిలబెట్టారు. ఆ బండి కదిలినప్పుడల్లా చెక్కలు గొంతు సవరించుకున్నట్టు శబ్దం చేస్తున్నాయి. ఆమె ఆ శబ్దం మూడుసార్లు విని, మూడుసార్లూ పక్కనే నిలబడ్డ భర్త మొహంలోకి చూసింది. ఆయన వినలేదో, వినదలచుకోలేదో.

నాలుగు ఫ్రేములయ్యేసరికి ఇద్దరూ రెండేసి గెలిచారు. పదిహేను నిమిషాల విరామం. ఎడంచేతి ఆటగాడు కుర్చీలోంచి లేచి రిఫరీ దగ్గరికి వెళ్లి ఏదో చెప్పాడు. చేత్తో గాల్లో చిన్న వంపు గీసి చూపించాడు. రిఫరీ డైరెక్టర్‌ని పిలిచాడు. డైరెక్టర్ తెర తొలగించుకుని వసారాలోకి వచ్చాడు.

"మాస్టారూ, నడిమి పాకెట్ దగ్గర నెమ్మది బంతులు నల్లబంతి వైపు జారుతున్నాయట. ఒకసారి లెవెల్ పెట్టి చూసేయండి, ఆయన మనసు కుదుటపడుతుంది."

ఆయన కోటు గుండీ పెట్టుకున్నాడు. గ్లౌజులు తొడుక్కున్నాడు. లెవెల్ పెట్టె తీసుకున్నాడు. ఆమె కూడా లేచింది.

"అక్కా, అక్కా, నువ్వెక్కడికి?" సెక్యూరిటీ అతను కుర్చీలోంచి లేవకుండానే కాలు అడ్డం చాపాడు. "నీ బిళ్లకి ఎర్రగీత లేదు."

"ఆయన గుడ్డ మర్చిపోయారు, ఇచ్చేసి వస్తా." పసుపు గుడ్డ చూపించింది.

"చొక్కాకి తుడుచుకుంటార్లే. నువ్వు టీవీలో పడ్డావంటే రేపట్నుంచి నేను ఇంట్లో పడుంటా. మా ఆవిడ నోరు సంగతి నీకు తెలీదు."

"ఒక్క నిమిషం నాయనా."

"నిమిషం కాదు, అరనిమిషం కూడా కుదరదు. కూర్చో అక్కా, మంచిదానివి కదూ."

ఆమె తెర సందుకి మొహం ఆనించింది. తెరనుంచి టేబుల్‌కి తొమ్మిది అడుగులు. పొద్దున ఆయన నాలుగుసార్లు నడిచి చూసుకోవడం ఆమె గమనించింది. ఇప్పుడు ఆయన తొమ్మిదో అడుగులో ఆగి, గ్లౌజు చేత్తో టేబుల్ అంచు ముట్టుకుని, హుందాగా వంగాడు. జనం నిశ్శబ్దంగా చూస్తున్నారు. అంతమంది ముందు మాస్టారు పనిచేస్తుంటే పక్కనుంచి తొంగిచూడటం ఎవరికీ మర్యాద కాదు. రిఫరీ రెండడుగులు వెనక్కి వేశాడు, డైరెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు, ఎడంచేతి ఆటగాడు చేతులు కట్టుకుని తల దించుకున్నాడు.

ఆయన లెవెల్‌ని నల్లబంతి కొసన పెట్టాడు. పెట్టి, తల కొంచెం ఎడమకి తిప్పాడు. ఆమె ఎప్పుడూ నిలబడే వైపుకి. పెదవులు కదిలాయి. ఆ మాట ఇక్కడికి వినపడకపోయినా ఆమెకి తెలుసు. అద్దం తుడువు.

అక్కడ ఎవరూ లేరు.

ఆయన భుజాలు ఒక్క క్షణం బిగుసుకున్నాయి. తర్వాత గ్లౌజు వేలితో గాజు గొట్టాన్ని తనే తుడిచాడు. కళ్లు చిట్లించాడు. మొహం ఒక పక్కకి, తర్వాత ఇంకో పక్కకి వాల్చాడు. పై లైట్లన్నీ గాజు మీద మెరుస్తున్నాయి. బుడగ ఎక్కడుందో ఆమెకి తెలియదు. ఆయనకి తెలియదని మాత్రం తెలుసు. పసుపు గుడ్డ ఆమె గుప్పిట్లో ముద్దయిపోయింది.

"సరిగ్గా ఉంది," అన్నాడు ఆయన, నిటారుగా నిలబడి. గొంతు టీవీలో గట్టిగా వినిపించింది. "నూగు లాగుతోంది, అంతే. కాస్త బలంగా కొట్టండి."

ఎడంచేతి ఆటగాడు వెంటనే చేతులు జోడించాడు. "మీరు చూశారుగా మాస్టారూ, చాలు."

చప్పట్లు కొట్టారు.

తెర లోపలికి రాగానే ఆయన గ్లౌజులు ఊడదీశాడు.

"బుడగ ఎక్కడుంది?" అని అడిగింది ఆమె, సెక్యూరిటీ అతనికి వినపడకుండా.

"ఎక్కడుంటుంది, మధ్యలోనే. లైట్లు మరీ ఎక్కువ పెట్టారు."

"చూశారా?"

ఆయన గ్లౌజుల్ని మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టాడు. "నా పని నాకు నేర్పుతావా?"

ఆమె పీట మీద కూర్చుంది. గోడ గడియారంలో విరామం ఇంకా ఏడు నిమిషాలు మిగిలి ఉంది. డైరెక్టర్ నాలుగడుగుల దూరంలో ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. లేచి వెళ్లి, బాబూ ఇంకోసారి చూడనివ్వండి అంటే చాలు. ఎందుకమ్మా అంటాడు. ఆ ఎందుకుకి ఒకటే జవాబు ఉంది. ఆ జవాబు ఇన్నేళ్ల కాపురంలో ఆయనతోనే అనలేదు, పరాయివాడితో ఎలా అంటుంది? పసుపు గుడ్డని మోకాలి మీద పరిచి ముడతలు సాపు చేసింది. నాలుగు మడతలు పెట్టింది. ఎనిమిది చేసింది. గంట మోగింది.

ఇద్దరూ అయిదేసి ఫ్రేములు గెలిచారు. ఆఖరి ఫ్రేములో టేబుల్ మీద గులాబీ బంతి, నల్లబంతి మిగిలాయి. గులాబీ బంతి నడిమి పాకెట్‌కి ఎదురుగా, రెండు జానల దూరంలో ఉంది. అది పడితే ఫైనల్. చిన్నపిల్లలు వేసే దెబ్బ.

"బలంగా కొట్టలేడు," అన్నాడు టీవీలో మాట్లాడే ఇద్దరిలో ఒకడు. "బలంగా కొడితే వెనకాలే, కర్రతో కొట్టిన తెల్లబంతి కూడా పాకెట్లో పడుతుంది, అది తప్పు కింద లెక్క. నెమ్మదిగా దొర్లించాలి."

ఎడంచేతి ఆటగాడు వంగాడు. గడ్డం కర్రకి ఆనించాడు. క్యూ మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడింది. గులాబీ బంతి కదిలింది, జోకొట్టినట్టు మెల్లగా, తిన్నగా పాకెట్‌కే వెళ్లింది. ఆఖరి బెత్తెడు దూరంలో నడక మార్చుకుంది. ఎవరో పేరుపెట్టి పిలిస్తే అటు తిరిగినట్టు నల్లబంతి వైపుకి వాలింది. టక్‌మని పాకెట్ అంచుకి తగిలి, బయటే ఆగిపోయింది.

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. అతను వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. టేబుల్ అంచుకి కన్ను ఆనించి గుడ్డ వెంబడి చూడబోయి, అంతలోనే తనని తాను ఆపుకున్నట్టు లేచి, వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. నీళ్లు తాగలేదు. అవతలి ఆటగాడు రెండు బంతులూ వేసేసి చెయ్యి చాపాడు.

"విరామంలో టేబుల్ తనిఖీ చేయించాడు, చెయ్యి తనిఖీ చేయించుకోవడం మర్చిపోయాడు," అన్నాడు టీవీలో రెండోవాడు. మొదటివాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. సెక్యూరిటీ అతను కూడా నవ్వాడు. "భలే అన్నాడు కదక్కా?"

వసారాలో విలేకరులు మైకులు పట్టుకుని ఎడంచేతి ఆటగాణ్ణి చుట్టుముట్టారు. టేబుల్ గురించి ఏమంటారు అని అడిగారు.

"టేబుల్ బాగుంది. మాస్టారు చూశారు." అతను నోరు తుడుచుకున్నాడు. "చెయ్యి నాది."

ఆయన అప్పుడు అతని వెనకే నిలబడి ఉన్నాడు. ఆ మాట విన్నాడు. బసకి వెళ్లాక భోజనం దగ్గర రెండు ముద్దలు తిని, "పాపం," అన్నాడు. ఎవరు అని ఆమె అడగలేదు.

ఆదివారం పొద్దున హాలు తలుపులు వాళ్లిద్దరికోసమే తెరిచారు. లైవ్ ఇంకా మొదలవ్వలేదు కాబట్టి ఆమెకి ఎర్రగీతతో పని లేదు. ఫైనల్ పదకొండింటికి. కుర్చీల వరసలన్నీ ఖాళీ. ఒక కుర్చీలో ఎవరో వదిలేసిన పేపర్లో ఎడంచేతి ఆటగాడి ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో: తడబడింది చెయ్యి, నింద టేబుల్‌కి. ఆమె ఆ పేపర్ తీసి, బొమ్మ లోపలికి వచ్చేలా మడిచి, ఇస్త్రీ వేడి చూసే కాగితాల కింద పెట్టింది.

ఆయన బ్రష్షుతో సుద్ద దుమ్ము దులిపాడు. లెవెల్ తీసి నల్లబంతి కొసన పెట్టాడు.

"అద్దం తుడువు."

ఆమె వంగింది. బుడగ నడిమి గీత దాటి, రెండో గీతకీ మూడో గీతకీ మధ్యన నింపాదిగా కూర్చుని ఉంది. ఒకటిన్నర గీత. ఆమె మళ్లీ తుడిచింది. బుడగ కదల్లేదు.

ఆమె కుడిచెయ్యి టేబుల్ అంచు మీదే ఉంది. అయిదు తట్లు తట్టాలి. తడితే ఆయన లెక్కపెట్టుకుంటాడు. ఒకటి, రెండు, మూడు దాకా ఓర్చుకుంటాడు. నాలుగు, అయిదు తడితే నిన్న తను ఏం చేశాడో ఆయనకి తెలిసిపోతుంది.

ఆయన ఎదురుచూస్తున్నాడు. ఎప్పుడూ లేనిది ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాడు.

ఆమె చెయ్యి తీసేసుకుంది.

"ఆఁ," అన్నాడు ఆయన. ఆ ఒక్క అక్షరంతో మనిషి రెండంగుళాలు ఎదిగాడు. "నేను ఇస్త్రీపెట్టె ప్లగ్గులో పెట్టి వస్తా."

ఆయన వసారాలోకి వెళ్లగానే ఆమె మోకాళ్ల మీద టేబుల్ కిందకి దూరింది. నల్లబంతి వైపు మూడో కాలు. దాని కిందున్న చెక్క కొద్దిగా కుంగి, పక్క చెక్కకీ దానికీ మధ్య గోరు పట్టేంత మెట్టు తేలింది. కెమెరా బండి చేసిన పని. మనుషులెవరూ చేసింది కాదు. ఆమె పానా పెట్టి అయిదు పావు చుట్లు తిప్పింది. పైకి లేచి చూసింది. బుడగ మధ్యలో నిలబడింది. పానాని సంచిలో వేసి, మోకాళ్లు దులుపుకుంది. ఒలికిన పాలు ఎవరూ చూడకుండా తుడిచేసినప్పటి తేలిక ఒకటి గుండెల్లోకి వచ్చింది.

ఆయన తిరిగి వచ్చేసరికి మెట్ల మీద ఎడంచేతి ఆటగాడు నిలబడి ఉన్నాడు. భుజాన సంచి, చేతిలో క్యూ పెట్టె. రైలుకో బస్సుకో బయల్దేరినవాడిలా ఉన్నాడు. రాత్రంతా కళ్లు మూయనట్టు రెప్పలు ఉబ్బి ఉన్నాయి.

"మాస్టారూ, అడగకూడదు, తెలుసు. ఒక్క బంతి వేసి చూసుకుని వెళ్లిపోతాను."

ఓడినవాళ్లని ఫైనల్ టేబుల్ ముట్టుకోనివ్వరు. ఆయన ఒక క్షణం ఆలోచించి, పరీక్షకని జేబులో ఉంచుకునే పాత తెల్లబంతి తీసి ఇచ్చాడు. "వెయ్యి నాయనా. నీకన్నా ఎక్కువా?"

ఆమె పానా ఉన్న సంచిని తన వెనక్కి జరుపుకుంది.

అతను బంతిని సరిగ్గా గులాబీ బంతి నిన్న ఉన్నచోట పెట్టాడు. క్యూ అమర్చుకున్నాడు. వంగి, మెల్లగా తోశాడు. బంతి దారం పట్టుకుని నడిచినట్టు వెళ్లి పాకెట్లో పడింది. చప్పుడు కూడా రాలేదు. అతను దాన్ని తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. మూడోసారి ఇంకా నెమ్మదిగా, ఆగిపోతుందేమో అన్నంత నెమ్మదిగా తోశాడు. పడింది.

అతను క్యూకి ఆనుకుని నిలబడి నవ్వాడు. ఏడుపుకి దగ్గర్లో ఉన్న నవ్వు.

"చాలు మాస్టారూ. లోపల ఏదో మూల ఒక ముల్లుండేది. తీసేశారు. చెయ్యే, ఇంకేం కాదు. ఇరవై రెండేళ్లూ ఇదే చెయ్యి, ఇక దీన్ని నమ్మి పని లేదు." క్యూని రెండుగా విప్పాడు. "పరదాకి సరిపోతుందిలే. అక్కా, వస్తా."

ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. నిన్నటినుంచి బిగబట్టినదంతా వదిలాడు. "నూగు నాయనా, నూగు. నేను చెప్పానా?" అన్నాడు, జాలిగానూ ధీమాగానూ. ఈయన కూడా నిద్రపోలేదని, ఆ మూడు బంతులూ ఈయనకోసం కూడా పడ్డాయని ఆమెకి అప్పుడు అర్థమయింది.

అతను మూడో మెట్టు ఎక్కాడు. నాలుగో మెట్టు.

"బాబూ, ఒక్క నిమిషం ఆగండి," అంది ఆమె.

సంచిలోంచి పానా తీసుకుని టేబుల్ కిందకి వెళ్లింది.

"ఏం చేస్తున్నావే?"

ఆమె అదే మరకి పానా పెట్టి ఈసారి వెనక్కి తిప్పింది. నల్లబంతి వైపు మూడో కాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. మర తిరిగినప్పుడల్లా చిన్న కిర్రు. ఆయనకి ఆ శబ్దం నిద్రలో వినిపించినా ఎన్ని చుట్లో చెప్పగలడు. ఆమె బయటికి వచ్చి, బంతి తీసి అదే చోట పెట్టింది.

"ఇప్పుడు వేయండి."

అతను ఇద్దరి మొహాలూ చూశాడు. క్యూ మళ్లీ బిగించాడు. వంగాడు. బంతి కదిలింది. ఆఖరి బెత్తెడు దూరంలో పక్కకి వాలింది.

టక్.

ఆయన తల ఆ చప్పుడు వైపుకి తిరిగింది. అతను మళ్లీ వేశాడు. టక్.

"ఎప్పుడు తిప్పారు?"

"ఇందాక. మీరు రాకముందు."

"మరి నిన్న?"

"నిన్న ఇలాగే ఉంది."

"మాస్టారు చూశారుగా!"

హాల్లో ఎక్కడో ఒక లైటు సన్నగా రొద పెడుతోంది. ఆమె పసుపు గుడ్డకోసం నడుము తడుముకుంది. అది అక్కడే ఉంది.

"ఆయనకి కనపడదు," అంది. "మూడేళ్లయింది. నేను చూసి చెబుతాను. నిన్న నన్ను లోపలికి రానివ్వలేదు." ఆగింది. అది నిజమే కానీ అంతా కాదు. "అప్పటికి విరామం ఇంకా ఏడు నిమిషాలు ఉంది. చెప్పొచ్చు. చెప్పలేదు."

అతను బంతిని తీసి రెండు అరచేతుల మధ్య దొర్లించాడు. చాలాసేపు దొర్లించాడు. కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది. వస్తే బాగుండును.

"ఇప్పుడు దీన్ని నేనేం చేసుకోనక్కా?" అన్నాడు చివరికి. "స్కోరు కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. ఊళ్లో అందరూ చూశారు. నేనే నా నోటితో చెప్పాను, చెయ్యి నాది అని. ఇప్పుడు ఇంటికి వెళ్లి మా ఆవిడకి చెప్పనా, కాదే, టేబుల్‌దే అని? అది కూడా నవ్వుతుంది."

అతను బంతిని గుడ్డ మీద పెట్టాడు. చేతి వెనకభాగంతో గుడ్డని ఒకసారి నిమిరాడు, నూగు వాలు చూసుకుని. క్యూ విప్పి పెట్టెలో పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఈసారి వస్తానని చెప్పలేదు.

ఆయన కదలకుండా నిలబడి ఉన్నాడు. చేతులు టేబుల్ అంచుని పట్టుకున్నాయి.

"ఎన్ని గీతలు?"

"ఒకటిన్నర."

"ఒకటిన్నర," అన్నాడు ఆయన, బరువు చూస్తున్నట్టు. "మధ్యలో ఉందనుకున్నాను. ఉండాలనుకున్నాను. అక్కడ నాకు మెరుపు తప్ప ఏమీ కనపడలేదే."

మూడేళ్లలో ఆ మాట ఆయన నోటినుంచి రావడం అదే మొదలు. ఆమె ఆయన దగ్గరికి వెళ్లబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మళ్లీ తిప్పు. పదకొండింటికి ఆట ఉంది. ఎవరి బంతో మళ్లీ పక్కకి పోకూడదు."

ఆమె కిందకి వెళ్లి పానా పెట్టింది. ఒకటి. పైన లెవెల్ పెట్టె మూత పడిన చప్పుడయింది. రెండు. ఆయన బూట్లు కదిలాయి. వసారా వైపు కాదు, ఎదురుగా ఉన్న డైరెక్టర్ గది వైపు. ఆ దారి ఆయన కొలుచుకోలేదు. టేబుల్ కిందనుంచి ఆమెకి బూట్లూ కుర్చీ కాళ్లూ మాత్రమే కనిపిస్తున్నాయి. కుడి బూటు ఒక కుర్చీ కాలికి తగిలింది, వెనక్కి వెళ్లింది, చుట్టూ తిరిగి మళ్లీ ముందుకి వచ్చింది. మూడు. ఆమె లేచి వెళ్లలేదు. వెళితే ఆయన ఆగిపోతాడు. తను ఆపేస్తుంది కూడా. నాలుగు.

బూట్లు ఆగాయి. తలుపు ఇంకా మూడడుగులు ఉంది. ఒక బూటు మొన కొద్దిగా పైకి లేచి, నేల వెతుక్కుంటున్నట్టు కదిలింది. గోడ ఎక్కడుందో, తలుపు ఎక్కడుందో. పైన చేతులు గాల్లో చాపి ఉంటాడు.

ఆమె పానాతో టేబుల్ కాలి మీద తట్టింది. మూడుసార్లు.

బూట్లు విన్నాయి. ఒక అడుగు, ఇంకో అడుగు, ఇంకొకటి.

"రండి రండి మాస్టారూ, ఇప్పుడే మీ మాటే అనుకుంటున్నాం," అంది లోపలినుంచి డైరెక్టర్ గొంతు, ఉత్సాహంగా. తలుపు మూసుకుంది.

ఆమె పానాని మళ్లీ మర మీద పెట్టింది. ఇంకా ఒక పావు చుట్టు మిగిలి ఉంది.